గర్భసంచి తీసేముందు ముఖద్వారాన్ని చూడాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



తెలుగు స్త్రీల ఆరోగ్యం గురించి ప్రభుత్వ సర్వేలు వెలువరించిన రెండు అంకెలను విడివిడిగా చదివినవారు చాలామందే ఉన్నారు గాని, వాటిని పక్కపక్కన పెట్టి చదివినవారు తక్కువ. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. దేశంలో మొదటి రెండు స్థానాలూ ఈ రెండు రాష్ట్రాలవే. 2019-21 నాటి ఐదో సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం జీవితంలో ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవారు దేశవ్యాప్తంగా 1.9 శాతమే. తెలుగు రాష్ట్రాలు ఆ సగటు కంటే కొంత మెరుగ్గా ఉన్నా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి ప్రతి దేశమూ చేరుకోవాలని కోరిన 70 శాతానికి అవి ఎంతో దూరంలోనే ఉన్నాయి. అవయవాన్ని తీసివేయడం ఇంత సులువుగానూ, ఆ అవయవాన్ని ఒక్కసారి కళ్లతో చూడటం ఇంత అరుదుగానూ జరిగే చోట, వ్యాధిని గురించిన భయం ప్రజల్లో ఉన్నంతగా వ్యాధిని గురించిన అవగాహన లేదని గ్రహించడం కష్టం కాదు.

ఆ శస్త్రచికిత్సలన్నీ అనవసరమైనవని చెప్పడం ఈ లేఖ ఉద్దేశం కాదు. తీవ్రమైన రక్తస్రావం, గర్భాశయంలో పెరిగిన గడ్డలు, గర్భసంచి కిందికి జారడం వంటి కారణాలతో ఆ ఆపరేషన్ వల్లే ఊరట పొందిన స్త్రీలు ఎందరో ఉన్నారు. అయితే ముప్ఫై ఏళ్లు దాటిన స్త్రీ తెల్లబట్ట అవుతోందనో, నడుము లాగేస్తోందనో ఆసుపత్రికి వెళ్తే, గర్భసంచికి పుండు పడిందని, వదిలేస్తే క్యాన్సర్‌గా మారుతుందని, పిల్లలు పుట్టేశారు కనుక తీయించేసుకోవడమే మేలని చెప్పడం ఈ ప్రాంతంలో ఎంతగా పాతుకుపోయిందో స్త్రీల ఆరోగ్యంపై పనిచేసిన పరిశోధకులు చాలాకాలం నుంచే నమోదు చేస్తూ వచ్చారు. ఆ సలహాలో నిజమైన వ్యాధికీ, వ్యాధి కాని దానికీ మధ్య గీత చెరిగిపోయింది. ఆ గీతను మళ్లీ స్పష్టంగా గీయడం రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు చేయగలిగిన పని.

గర్భాశయం అడుగు భాగం సన్నబడి యోనిలోకి తెరుచుకునే చోటును గర్భాశయ ముఖద్వారం అంటారు. దాని వెలుపలి భాగాన్ని పలచని, చదునైన కణాల పొరలు కప్పి ఉంచితే, లోపలి గొట్టాన్ని జిగురును స్రవించే పొడవాటి కణాల వరుస కప్పి ఉంచుతుంది. ఈ రెండు రకాల కణాలూ కలిసే సరిహద్దు స్థిరంగా ఉండదు. యుక్తవయసులోనూ గర్భధారణ సమయంలోనూ హార్మోన్ల ప్రభావంతో లోపలి కణాలు బయటికి విస్తరిస్తాయి, ఆ తరువాత ఏళ్ల తరబడి నెమ్మదిగా చదునైన కణాలుగా మారుతూ పోతాయి. ఈ మార్పు జరిగే వలయాకారపు ప్రదేశాన్ని వైద్యులు పరివర్తన మండలం అంటారు, ముఖద్వార క్యాన్సర్లలో అత్యధికం మొదలయ్యేది అక్కడే. పైన చెప్పిన పుండు అనే మాటకు మూలం కూడా చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. లోపలి కణాల పొర పలచగా ఉండటం వల్ల దాని కింది రక్తనాళాలు కనిపించి, బయటికి వచ్చిన భాగం ఎర్రగా, పచ్చిగా కనబడుతుంది. అది పుండు కాదు, క్యాన్సర్‌కు ముందు దశ కూడా కాదు. పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలలో సహజంగా కనిపించే స్థితి. ఆ ఎర్రదనాన్ని చూసి, మరే పరీక్షా లేకుండా, గర్భసంచినే తీసివేయాలని నిర్ణయించడానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు.

ముఖద్వార క్యాన్సర్‌కు నిజమైన కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, క్లుప్తంగా హెచ్‌పీవీ. జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ త్సుర్ హౌజెన్ బృందం 1983లో ఈ వైరస్‌లోని 16వ రకాన్ని, మరుసటి ఏడాది 18వ రకాన్ని ముఖద్వార క్యాన్సర్ కణాల్లో గుర్తించింది. ఆ పరిశోధనకు ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ప్రపంచవ్యాప్తంగా ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఆ రెండు రకాలే మూలం. లైంగిక సంపర్కం ద్వారా వ్యాపించే ఈ వైరస్ ఎంత సామాన్యమైనదంటే, దాంపత్య జీవితం గడిపే స్త్రీపురుషుల్లో అధికశాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు అది సోకే ఉంటుంది, వారిలో ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో ఏ చికిత్సా లేకుండానే తగ్గిపోతుంది. అందువల్ల పరీక్షలో ఈ వైరస్ కనబడిందన్న కారణంతో ఒక స్త్రీ శీలాన్ని గాని, ఆమె భర్త నడవడిని గాని శంకించడం అన్యాయమే కాక అశాస్త్రీయం కూడా. ఎప్పుడో సోకిన వైరస్ చాలా ఏళ్ల తరువాత బయటపడవచ్చు. ఆరోగ్య కార్యకర్తలకు ఇచ్చే శిక్షణలో ఈ ఒక్క విషయానికి ప్రత్యేకంగా సమయం కేటాయించాలి, ఎందుకంటే పరీక్షకు రాకుండా స్త్రీలను ఆపేది చాలాసార్లు నొప్పి భయం కాదు, మాట పడవలసి వస్తుందన్న భయం.

కొద్దిమందిలో మాత్రం వైరస్ తొలగిపోకుండా పరివర్తన మండలంలోనే తిష్ఠ వేస్తుంది. అప్పుడు కణాలు క్రమంగా రూపు మార్చుకుంటాయి. ఆ మార్పులు పైపొరకే పరిమితమై ఉన్నంతవరకు వాటిని క్యాన్సర్ పూర్వదశ అంటారు, లోతును బట్టి మూడు అంచెలుగా లెక్కిస్తారు. మొదటి అంచెలోనివి చాలావరకు వాటంతట అవే నయమవుతాయి. రెండు, మూడు అంచెలకు చికిత్స అవసరం. వ్యాధి నిరోధక శక్తి సవ్యంగా ఉన్న స్త్రీలో వైరస్ సోకిన నాటి నుంచి క్యాన్సర్ ఏర్పడే వరకు సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఇంత సుదీర్ఘమైన వ్యవధి చాలా క్యాన్సర్లలో వైద్యులకు దొరకదు. అయినా భారతదేశంలో ఏటా సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి కొత్తగా బయటపడుతోందని, దాదాపు 80,000 మంది దానివల్ల మరణిస్తున్నారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 సంవత్సరానికి అంచనా కట్టింది.

వైరస్ సోకిన వారిలో ఎవరికి ముప్పు ఎక్కువన్న ప్రశ్నకు జవాబు తెలుగు రాష్ట్రాల సామాజిక చరిత్రలో చాలావరకు దొరుకుతుంది. పరివర్తన మండలం చురుగ్గా మారుతున్న లేత వయసులోనే దాంపత్యం మొదలుకావడం, చిన్న వయసులోనే కాన్పులు, ఎక్కువ కాన్పులు ముప్పును పెంచుతాయి. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 20 నుంచి 24 ఏళ్ల యువతులలో 18 ఏళ్లు నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం ఉన్నారు కనుక, బాల్యవివాహాల నిరోధం క్యాన్సర్ నిరోధంలో కూడా భాగమేనని ఆరోగ్య శాఖ స్త్రీ శిశు సంక్షేమ శాఖకు గుర్తుచేయవలసి ఉంది. పొగాకు మరో కారణం. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో చుట్ట నిప్పును నోటి లోపల ఉంచి కాల్చే అడ్డపొగ అలవాటు గురించి, అది అంగిలికి చేసే హాని గురించి వైద్యులు దశాబ్దాలుగా రాస్తున్నారు. అయితే పొగాకులోని హానికర పదార్థాలు ముఖద్వారపు జిగురులోకి కూడా చేరతాయన్న సంగతి ఆ గ్రామాల స్త్రీలకు చెప్పేవారు తక్కువ. అన్నిటికంటే తీవ్రమైన ముప్పు హెచ్ఐవీతో జీవిస్తున్న స్త్రీలది. వారిలో ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం ఇతరుల కంటే ఆరు రెట్లు ఎక్కువని, అది ముదరడానికి పట్టే కాలం కూడా తక్కువని తేలినందువల్లే, వారికి 25వ ఏటి నుంచే పరీక్షలు మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. దేశంలో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఈ రెండూ ఉన్నాయి, మందుల కోసం ఆ స్త్రీలు ఏఆర్‌టీ కేంద్రాలకు క్రమం తప్పకుండా వస్తూనే ఉన్నారు. వారిని వెతుక్కుంటూ వెళ్లవలసిన పని లేదు, వచ్చిన చోటనే పరీక్ష చేస్తే చాలు.

ఇక లక్షణాల సంగతి. ఎంత బాధాకరమైనదైనా మొదట చెప్పవలసిన నిజం ఏమిటంటే, క్యాన్సర్ పూర్వదశకు లక్షణాలు ఉండవు. నొప్పి ఉండదు, రక్తం కనబడదు, తెల్లబట్ట కూడా ఉండనక్కరలేదు. ఏ బాధా లేని స్త్రీని పరీక్షకు పిలవడం ఎందుకన్న ప్రశ్నకు ఇదే సమాధానం. వ్యాధి పైపొరను దాటి లోతుకు దిగిన తరువాత కనిపించే తొలి సూచన ఎక్కువగా వేళ కాని వేళ రక్తస్రావం: దాంపత్య సంపర్కం తరువాత కనబడే రక్తపు మరక, రెండు నెలసరుల మధ్య వచ్చే రక్తం, అన్నిటినీ మించి, ముట్లు ఆగిపోయి ఏడాది దాటిన స్త్రీలో మళ్లీ కనబడే రక్తం. ఈ మూడోదాన్ని గ్రామాల్లో చాలామంది వేడి చేసిందనో, ఆగిపోయిన నెలసరి మళ్లీ వచ్చిందనో సరిపెట్టుకుంటారు. ముట్లుడిగిన స్త్రీకి ఒక్క చుక్క రక్తం కనబడినా అది ఆ వారంలోనే వైద్యులు చూడవలసిన విషయమని, దానికి కారణం క్యాన్సర్ కాకపోయే అవకాశమే ఎక్కువైనా చూడకుండా తేల్చే వీలు లేదని ప్రతి ఆశా కార్యకర్తకూ తెలిసి ఉండాలి.

తెల్లబట్ట విషయంలో మరింత వివరంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే భయం కూడా నిర్లక్ష్యం కూడా ఇక్కడే ఎక్కువ. వాసన లేకుండా, రంగు లేకుండా లేదా పాలలా, నెలసరి రోజుల్ని బట్టి పలచబడుతూ చిక్కబడుతూ వచ్చే స్రావం శరీర ధర్మం. దానికి మందు కూడా అక్కరలేదు. దురదతో పెరుగు విరిగినట్టు కనిపించేది సాధారణంగా శిలీంధ్ర సంబంధమైనది, ఆకుపచ్చగా నురగతో లేదా దుర్వాసనతో వచ్చేది వేరే ఇన్ఫెక్షన్ల వల్ల కావచ్చు. ఇవి తగిన మందులతో నయమవుతాయి, గర్భసంచి తీయవలసిన అవసరం వీటిలో దేనికీ లేదు. అలాకాక స్రావం నీళ్లలా ఎడతెగక వస్తూ, అందులో రక్తం కలిసి, దుర్వాసన ఉండి, మందులు వాడినా వారాల తరబడి తగ్గకపోతే దాన్ని వేరుగా చూడాలి. అలాంటి స్త్రీకి మరో మాత్రల చీటీ రాసి పంపడం తప్పు. పొత్తికడుపులో విడవని నొప్పి, కాలు వాపు, మూత్రంలో ఇబ్బంది, బరువు తగ్గడం వంటివి వ్యాధి చుట్టుపక్కలకు విస్తరించిన తరువాతి సూచనలు. ప్రచార పత్రాల్లో వీటిని తొలి లక్షణాల వరుసలోనే అచ్చువేస్తే, అవి లేనందుకు తమకేమీ లేదని స్త్రీలు భ్రమపడే ప్రమాదం ఉంది.

ముఖద్వారాన్ని చూడకుండా గర్భసంచి తీయడం వల్ల కలిగే నష్టాల్లో అందరికీ తెలిసినది అండాశయాలు కూడా తీసివేసినప్పుడు చిన్న వయసులోనే హార్మోన్లు తగ్గి ఎముకలు బలహీనపడటం, గుండె జబ్బుల ముప్పు పెరగడం. దానికంటే తక్కువగా చర్చకు వచ్చే నష్టం మరొకటి ఉంది. ముఖద్వారంలో అప్పటికే క్యాన్సర్ లోతుకు దిగి ఉంటే, ఆ సంగతి తెలియక చేసే మామూలు గర్భసంచి ఆపరేషన్ ఆ స్త్రీకి చికిత్స కాదు. తొలిదశ క్యాన్సర్‌కు చేయవలసిన శస్త్రచికిత్సలో గర్భాశయంతో పాటు దాని పక్క కణజాలాన్ని, యోని పైభాగాన్ని, లింఫు గ్రంథులను కూడా పరిధిలోకి తీసుకోవలసి ఉంటుంది. దశ ముదిరితే శస్త్రచికిత్స కాక రేడియేషన్, దానితో పాటు కీమోథెరపీ, శరీరం లోపలినుంచి ఇచ్చే రేడియేషన్ అవసరమవుతాయి. అసంపూర్ణమైన ఆపరేషన్ జరిగాక హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ సంస్థకో, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో చేరే రోగికి సరైన చికిత్సను రూపొందించడం వైద్యులకు కూడా కష్టమవుతుంది. క్యాన్సర్ రాకుండా ఉండటానికని చేసిన ఆపరేషనే ఆమె కోలుకునే అవకాశాన్ని తగ్గించడం ఏ ఆరోగ్య వ్యవస్థకైనా భరించరాని విషయం.

ఈ దుస్థితిని తప్పించే పరీక్షలు ఖరీదైనవి కావు. ముఖద్వారానికి మూడు నుంచి ఐదు శాతం ఎసిటిక్ యాసిడ్, అంటే వంటింటి వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్ని, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తే, మార్పు చెందిన కణాలున్న చోటు తెల్లగా కనబడుతుంది. వీఐఏ అని పిలిచే ఈ పరీక్షకు కావలసినవి యోనిని తెరిచి చూపే స్పెక్యులమ్ అనే పరికరం, మంచి వెలుతురు, శిక్షణ పొందిన కళ్లు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి సుమారు లక్షన్నర మంది స్త్రీలతో నడిపిన అధ్యయనంలో పదో తరగతి చదివిన ఆరోగ్య కార్యకర్తలే రెండేళ్లకోసారి ఈ పరీక్ష చేయగా, ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో జరిగి 2009లో వెలువడిన మరో అధ్యయనంలో, వైరస్ జన్యు పదార్థాన్ని గుర్తించే హెచ్‌పీవీ పరీక్షను జీవితంలో ఒక్కసారి చేసిన స్త్రీలలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. అదే అధ్యయనంలో వీఐఏతో గాని, కణాలను సూక్ష్మదర్శిని కింద చూసే పాప్ స్మియర్‌తో గాని అంతటి ఫలితం రాలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నుంచి హెచ్‌పీవీ పరీక్షకే ప్రాధాన్యం ఇస్తోంది. ఆ పరీక్షకు నమూనాను స్త్రీ తానే చాటున తీసి ఇవ్వవచ్చు. బల్లపై పడుకోవడానికి సిగ్గుపడే స్త్రీలు ఎక్కువగా ఉన్న సమాజానికి ఇంతకంటే తగిన పద్ధతి లేదు. ముట్లుడిగిన స్త్రీలలో పరివర్తన మండలం లోపలి గొట్టంలోకి తగ్గిపోయి కంటికి సరిగా కనబడదు కనుక వీఐఏ వారికి అంతగా పనికిరాదు, హెచ్‌పీవీ పరీక్ష పనికివస్తుంది. పూర్వదశ బయటపడితే గడ్డకట్టించి గాని, వేడితో గాని, విద్యుత్ తీగ ఉచ్చుతో కోసి గాని ఆ కొద్ది భాగాన్నే తొలగించవచ్చు; గర్భసంచి ఉన్నచోటనే ఉంటుంది.

2023 మార్చి 8న తెలంగాణలో మొదలైన ఆరోగ్య మహిళ కేంద్రాలు ప్రతి మంగళవారం స్త్రీల కోసమే పనిచేసేలా ఏర్పాటు చేయడం మంచి ఆలోచన. కేంద్ర ప్రభుత్వం 2016లోనే 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఐదేళ్లకోసారి వీఐఏ చేయాలని మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే పరీక్షించిన స్త్రీల సంఖ్యను లెక్కించడంతోనే పని పూర్తయినట్టు భావించే అలవాటు నివేదికల్లో బలంగా ఉంది. తేడా కనబడిన స్త్రీలలో ఎందరికి బయాప్సీ జరిగింది, ఎందరికి చికిత్స పూర్తయింది అన్న లెక్కే అసలు లెక్క. కూలిపని మానుకుని జిల్లా కేంద్రానికి రెండుసార్లు, మూడుసార్లు తిరగలేని స్త్రీ మధ్యలోనే ఆగిపోతుంది, ఆమె పేరు పరీక్షించినవారి జాబితాలో మాత్రం ఉండిపోతుంది.

ఇక ఈ వైరస్ సోకకుండా ఇచ్చే టీకా గురించి మాట్లాడేటప్పుడు ఖమ్మం జిల్లాను మరచి మాట్లాడటం కుదరదు. 2009లో ఒక అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఆ జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు చేపట్టాయి. కొందరు బాలికలు మరణించారన్న వార్తలు వచ్చిన తరువాత 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండే అవకాశం దాదాపు లేదని విచారణ కమిటీ తేల్చింది. కాని ఆశ్రమ పాఠశాలల్లోని గిరిజన బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి కూడా బయటపడింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ ప్రాజెక్టును తీవ్రంగా తప్పుపట్టింది. టీకా సురక్షితమని, వైరస్ సోకకముందు ఇస్తేనే బాగా పనిచేస్తుందని ఆ తరువాతి ప్రపంచానుభవం నిరూపించింది. ఒక్క డోసు కూడా సరిపోతుందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది, అదే ఏడాది పుణెలోని సీరమ్ సంస్థ తయారుచేసిన సర్వావాక్‌కు అనుమతి లభించింది. ఆనాటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం ప్రాంతపు తల్లులకు ఈ వివరాలన్నీ వారి భాషలో, కోయలో కూడా, ముందుగా చెప్పి, కాదనే హక్కు వారికి ఉందని స్పష్టం చేసి, వారి సంతకంతోనే టీకా వేయాలి. ఆనాడు జరిగిన నష్టం టీకా చేసినది కాదు, అడగకపోవడం చేసినది.

అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు రూపొందించింది, వాటిని మూడు నెలల్లో అమలులోకి తేవాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. వాటిని అమలుచేసే క్రమంలో ఒక నిబంధనను తెలుగు రాష్ట్రాలు ముందుగా తీసుకురావచ్చు: అత్యవసర సందర్భాలు మినహా, ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా ప్రైవేటు ఆసుపత్రిలోనైనా, గర్భసంచి ఆపరేషన్‌కు ముందు స్పెక్యులమ్‌తో పరీక్షించి ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేసిన కాగితం రోగి దస్త్రంలో ఉండాలి, తీసిన గర్భసంచిని తప్పనిసరిగా పాథాలజీ పరీక్షకు పంపాలి, ఆ నివేదిక రోగి చేతికి అందాలి.

ఇప్పటికే ఆపరేషన్ జరిగిన లక్షలాది స్త్రీల సంగతి దీనితో తీరదు. వారిలో చాలామందికి తమ శరీరంలోంచి తీసినది గర్భసంచి మాత్రమేనా, అండాశయాలు కూడానా, ముఖద్వారం ఉందా లేదా అన్నది తెలియదు. ముఖద్వారాన్ని వదిలేసి పైభాగాన్ని మాత్రమే తీసే ఆపరేషన్లు కూడా ఉన్నాయి కనుక, అలాంటివారికి ముప్పు యథాతథంగా ఉంటుంది, వారు మాత్రం తమకు ఇక ఆ వ్యాధి రాదని నమ్ముతూ ఉంటారు. ఇంటింటి సర్వేకు వెళ్లే ఏఎన్ఎంల వద్ద ఉండే పత్రంలో గర్భసంచి ఆపరేషన్ అయిందా, ముఖద్వారం ఉందా అన్న గడులు ఉంచి, డిశ్చార్జి కాగితాన్ని అడిగి చూడాలి; కాగితం లేనివారిని, లేదా ముఖద్వారం ఉన్నట్టు తేలినవారిని, ఆపరేషన్ కానివారితో సమానంగా పరీక్షకు పిలవాలి.